టాలీలో టీడీఎల్ – పాఠం 4: కాటా చీటీ నంబరుకు సొంత గడి

టీడీఎల్ అంటే టాలీ డెఫినిషన్ లాంగ్వేజ్, టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మన అవసరానికి తగ్గట్టు మలచుకునే భాష. టాలీ తెరను కట్టే రిపోర్టు, ఫారం, పార్టు, లైను, ఫీల్డు ఒకదానిలో ఒకటి ఎలా ఒదుగుతాయో గత పాఠంలో చూశాం. అక్కడ చేసిందల్లా టాలీలో ఉన్న సమాచారాన్ని మరో రూపంలో చూపించడమే. టాలీ అడగని సమాచారాన్ని అడిగించి, దాచిపెట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

పలాసలో జీడిపిక్కలు కొనే వ్యాపారిని తీసుకుందాం. ఉద్దానం రైతు తెచ్చిన 80 కిలోల బస్తాలు తూకం వేయగానే కాటా చీటీ వస్తుంది. గుమస్తా ఆ నంబరును కొనుగోలు వోచరు నేరేషన్‌లో, అంటే వివరణ రాసే చోట, ఒకనాడు ‘కాటా 0457’ అనీ, మరునాడు ‘చీటీ నం. 458’ అనీ రాస్తాడు. తూకంలో తగాదా వచ్చిన రోజున ఆ చీటీకి సంబంధించిన వోచరు ఏదో తేల్చాలంటే నేరేషన్లన్నీ చదువుకుంటూ పోవలసిందే. ఆ నంబరుకు సొంత గడి ఇవ్వడానికే యూడీఎఫ్, అంటే యూజర్ డిఫైన్డ్ ఫీల్డు, ఉంది.

లాట్ నంబరుకు కూడా ఇలాగే గడి కావాలని కొందరు అడుగుతారు. దానికి కోడు అక్కర్లేదు. స్టాక్ ఐటమ్‌లకు బ్యాచ్‌లు పెట్టుకునే సౌకర్యం టాలీలోనే ఉంది. ఉన్నదాన్ని వెతక్కుండా కోడుకు దిగడం, నా దృష్టిలో, వ్యాపారి నెత్తిన అనవసరపు బరువు పెట్టడమే.

ఇక కోడు. చదవడానికి వీలుగా పదాలను తెలుగు లిపిలో ఇస్తున్నాను. నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేసి, ఫైలుగా సేవ్ చేయాలి.

[సిస్టమ్: యూడీఎఫ్]
కాటానంబర్ : స్ట్రింగ్ : 10101

[#పార్ట్: వీసీహెచ్ నేరేషన్]
యాడ్ : లైన్ : ఎట్ బిగినింగ్ : కాటా లైన్

[లైన్: కాటా లైన్]
ఫీల్డ్స్ : మీడియం ప్రాంప్ట్, కాటా ఫీల్డ్
లోకల్ : ఫీల్డ్ : మీడియం ప్రాంప్ట్ : సెట్ యాజ్ : "కాటా చీటీ నం."

[ఫీల్డ్: కాటా ఫీల్డ్]
యూజ్ : నేమ్ ఫీల్డ్
స్టోరేజ్ : కాటానంబర్

పార్టు పేరుకు ముందున్న # గుర్తు వల్ల టాలీ సొంత పార్టు చెక్కుచెదరకుండా ఉండి, మన లైను మాత్రం దానికి జతపడుతుంది. నంబరే కదా అని స్ట్రింగ్ బదులు నంబర్ రకం పెడితే 0457లోని మొదటి సున్నా ఎగిరిపోతుంది. అన్నిటికన్నా కీలకమైనది చివరి వరుస. స్టోరేజ్ లేకపోయినా గడి తెరమీద కనిపిస్తుంది, టైపు కూడా చేయనిస్తుంది. వోచరు సేవ్ చేసి మళ్ళీ తెరిస్తే మాత్రం ఖాళీగా ఉంటుంది.

విలువ దాగేది 10101 అనే సంఖ్య కింద కాబట్టి, వాడకం మొదలయ్యాక దాన్ని మార్చకూడదు. మార్చితే పాత చీటీల నంబర్లు కొత్త గడిలో కనిపించవు. ఇదే డేటాను శ్రీకాకుళంలోని ఆడిటరు తన కంప్యూటరులో ఈ ఫైలు లేకుండా తెరిచినా గడి కనిపించదు. అంతమాత్రాన డేటా పోయినట్లు కాదు. ఫైలును అక్కడ కూడా జతచేస్తే సరిపోతుంది.

ఫైలును జతచేయడానికి టాలీప్రైమ్‌లో ఎఫ్1 నొక్కి, టీడీఎల్స్ అండ్ యాడ్-ఆన్స్‌లోకి వెళ్ళి, ఎఫ్4తో ఫైలు ఉన్న దారిని ఇవ్వాలి. స్థితి యాక్టివ్ అని కనిపించాక ఒక కొనుగోలు వోచరు తెరిచి, నంబరు వేసి, సేవ్ చేసి, మళ్ళీ తెరిచి సరిచూసుకోండి.

ఈ గడి ఇప్పటికి పేమెంటు, రసీదు వోచర్లలో కూడా కనిపిస్తుంది. కొనుగోలు వోచరుకే దాన్ని పరిమితం చేసే షరతును ఐదో పాఠంలో రాద్దాం.