పెద్ద డిష్‌లో దూరపు సిగ్నల్ నిలవడం లేదా? ఏవి పోతున్నాయో, ఎప్పుడు పోతున్నాయో ముందు చూడండి

పెద్ద డిష్ బిగించుకుని దూరపు ఉపగ్రహాల కోసం వెతికేవాళ్లు సిగ్నల్ రాకపోతే మొదట చేసే పని ఎల్ఎన్‌బి (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని అందుకుని కేబుల్‌కి పంపే పరికరం) మార్చడం. తప్పు అక్కడ ఉండేది తక్కువ. స్పానర్ పట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని ఏ ట్రాన్స్‌పాండర్లు (ఉపగ్రహంలో ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఛానెళ్లను పంపే భాగాలు) పోయాయో, ఏ వేళల్లో పోతున్నాయో రాసుకోండి. సగం సమస్యలకు కారణం ఆ కాగితం మీదే కనిపిస్తుంది.

స్ట్రెంగ్త్ నిండుగా ఉంది, క్వాలిటీ సున్నా

రిసీవర్ చూపించే స్ట్రెంగ్త్ బార్‌ని నమ్మకండి. కేబుల్‌లో వచ్చే శక్తి మొత్తాన్నీ అది చూపిస్తుంది, నాయిస్‌తో సహా. డిష్‌ని గోడ వైపు తిప్పినా ఆ బార్ కదలకుండా అలాగే ఉండొచ్చు. చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే.

ఇక్కడ కారణం సాధారణంగా సెట్టింగే. సి బ్యాండ్ (4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల) ఎల్ఎన్‌బికి లోకల్ ఆసిలేటర్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీని తగ్గించడానికి ఎల్ఎన్‌బి వాడే స్థిర ఫ్రీక్వెన్సీ) 5150 మెగాహెర్ట్జ్, యూనివర్సల్ కేయూ బ్యాండ్‌కి (12 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల) 9750, 10600 ఉండాలి. అవి సరిగ్గానే ఉంటే డిష్ రెండు మూడు డిగ్రీల పక్కనున్న ఉపగ్రహం మీద ఆగి ఉంటుంది. మీకు కావలసిన ఉపగ్రహంలో అన్నిటికన్నా బలమైన ట్రాన్స్‌పాండర్ వివరాలు రిసీవర్‌లో పెట్టుకుని ముందు దాన్ని పట్టుకోండి. బలహీనమైన దానితో వెతుకులాట మొదలుపెడితే రోజంతా పోతుంది.

అన్నీ అందుతున్నాయి, కానీ ఏదీ బలంగా లేదు

అసలు కష్టం ఇదే. డిష్ పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ పెరుగుతుంది, దాంతోపాటే డిష్ చూసే కోణం సన్నబడుతుంది. 2.4 మీటర్ల డిష్ సి బ్యాండ్‌లో సుమారు 2 డిగ్రీల వెడల్పు చూస్తుంది. అదే డిష్ కేయూ బ్యాండ్‌లో చూసేది 0.7 డిగ్రీలే. అంటే డిష్ అంచు ఏడెనిమిది మిల్లీమీటర్లు జరిగితే కేయూ సిగ్నల్ సగానికి పడిపోతుంది.

గురి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మీటర్ కూడా అక్కర్లేదు. క్వాలిటీ అంకె చూస్తూ డిష్ పై అంచును వేళ్లతో మెల్లగా వెనక్కి నొక్కండి, తర్వాత ముందుకు లాగండి. కుడి, ఎడమ అంచులతోనూ అలాగే చేయండి. ఎటు నొక్కినా అంకె తగ్గితే గురి బాగుంది. ఒకవైపు నొక్కినప్పుడు పెరిగిందంటే డిష్‌ని అటే జరపాలి. బోల్టులు బిగించాక ఈ పరీక్ష తప్పకుండా మళ్లీ చేయండి, బిగింపులోనే గురి తప్పడం మామూలే.

గురి బాగున్నా బలం లేకపోతే డిష్ ఆకారం చూడాలి. అంచు నుంచి అంచుకు రెండు దారాలు అడ్డంగా, నిలువుగా బిగించి కట్టండి. మధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. సందు కనిపించినా, ఒక దారం రెండోదాన్ని నెడుతున్నా డిష్ మెలిపడిందని అర్థం. ముక్కలుగా వచ్చే డిష్‌లలో ఇది మరీ ఎక్కువ. అన్ని నట్లూ వదులు చేసి, ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి.

దారాలు విప్పకముందే లోతు కూడా కొలవండి. దారాలు కలిసిన చోటు నుంచి డిష్ నడిమధ్యకు ఉన్న దూరమే లోతు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుకు 16 రెట్లతో భాగిస్తే ఫోకస్ దూరం వస్తుంది. 240 సెంటీమీటర్ల డిష్‌కి లోతు 40 అయితే, 57600ని 640తో భాగించాలి, 90 సెంటీమీటర్లు. ఫీడ్‌హార్న్ (ఎల్ఎన్‌బి ముందున్న గొట్టం) మూతి అక్కడ ఉండాలి. ఫోకస్‌ని వ్యాసంతో భాగిస్తే 0.375, కాబట్టి ఎల్ఎన్‌బి మెడ మీద గీతలుంటే స్కేలార్ రింగ్‌ని (ఫీడ్ చుట్టూ ఉండే గాడుల పళ్లెం) 0.38 దగ్గర పెట్టండి. చివరగా ఫీడ్ మూతి నుంచి డిష్ అంచుకు నాలుగు వైపులా టేపుతో కొలవండి, నాలుగూ సమానంగా రావాలి. దూరపు సిగ్నల్ పట్టేవాళ్లకు ఈ గంట పని కొత్త ఎల్ఎన్‌బి కన్నా ఎక్కువ ఇస్తుందని నా గట్టి నమ్మకం.

ఒకే ఉపగ్రహంలో కొన్ని వచ్చి కొన్ని రావు

రానివన్నీ హారిజాంటల్ పోలరైజేషన్‌వి (అలలు అడ్డంగా కంపించేవి; నిలువుగా కంపిస్తే వర్టికల్) అయితే వోల్టేజీ అనుమానించండి. వర్టికల్‌కి 13, హారిజాంటల్‌కి 18 వోల్టులు వెళ్లాలి. కేబుల్ పొడవైతే, అందులోనూ లోపలి తీగ పూర్తి రాగి కాకపోతే, 18 కాస్తా పైకి చేరేసరికి బాగా తగ్గిపోతుంది. అది 13 అనుకుని ఎల్ఎన్‌బి వర్టికల్‌లోనే ఉండిపోతుంది. ఎల్ఎన్‌బి కలిపి ఉండగానే పై చివర మల్టీమీటర్ పెట్టి చూడండి.

రెండు పోలరైజేషన్లూ సగం సగంగా ఉంటే స్క్యూ సరిచేయాలి, అంటే ఎల్ఎన్‌బిని దాని పట్టులోనే కాస్త తిప్పాలి. సి బ్యాండ్‌లో సర్క్యులర్ పోలరైజేషన్ (అలలు గుండ్రంగా తిరిగేది) వాడే ఉపగ్రహమైతే ఫీడ్ లోపల టెఫ్లాన్ పలక 45 డిగ్రీల్లో ఉండాలి. అది లేకపోతే 3 డెసిబెల్స్, అంటే సగం సిగ్నల్, నష్టం.

ఇవేవీ కాకపోతే మాడ్యులేషన్ (సిగ్నల్‌లో సమాచారాన్ని ఎక్కించే పద్ధతి) చూడండి. డీవీబీ ఎస్2 అనే ప్రసార ప్రమాణంలో క్యూపీఎస్‌కే 3/4 పద్ధతికి సిగ్నల్ నాయిస్ కన్నా సుమారు 4 డెసిబెల్స్ ఎక్కువుంటే చాలు, 8పీఎస్‌కే 3/4కి దాదాపు 8 కావాలి. ఇక్కడ చెడిపోయిందేమీ లేదు, బలం చాలలేదంతే.

వేళ ప్రకారం పోతుంది, వస్తుంది

రోజూ కొన్ని గంటలు పోయి, అలా పోవడం ముందు రోజుకన్నా 4 నిమిషాలు ముందే మొదలవుతుంటే ఉపగ్రహం వాలు కక్ష్యలో, అంటే భూమధ్యరేఖకు అటూ ఇటూ ఊగుతూ ఉంది. ఇంధనం పొదుపు కోసం పాత ఉపగ్రహాలను అలా వదులుతారు. డిష్‌ని మోటారుతో వెంట తిప్పడం తప్ప మార్గం లేదు.

మార్చి, సెప్టెంబర్ విషువత్తుల దగ్గర కొన్ని రోజులపాటు పగలు కొన్ని నిమిషాలే పోతే అది సూర్యుడు ఉపగ్రహం వెనక్కి రావడం వల్ల. కంగారు పడకండి, పైగా ఇది మంచి అవకాశం. ఆ నిమిషాల్లో ఎల్ఎన్‌బి నీడ డిష్ నడిమధ్య పడితే గురీ, ఫీడ్ స్థానమూ రెండూ సరైనవే. ఎండ ఫీడ్ దగ్గర పోగవుతుంది కాబట్టి అక్కడ చేయి, ముఖం పెట్టొద్దు.

మధ్యాహ్నం ఎండకు పోయి రాత్రికి వచ్చేవి తక్కువ సింబల్ రేటు (ఫ్రీక్వెన్సీలో సన్నని చోటు పట్టే) ఛానెళ్లు మాత్రమే అయితే, వేడికి ఎల్ఎన్‌బి ఫ్రీక్వెన్సీ జారుతోంది. పీఎల్ఎల్ రకం (ఫ్రీక్వెన్సీ జారకుండా పట్టి ఉంచే) ఎల్ఎన్‌బి కొనండి. ఇక్కడ మార్చడం న్యాయమే.

వాన వెలిసినా సిగ్నల్ తిరిగి రాలేదు

ఎఫ్ కనెక్టర్ (కేబుల్ చివర ఉండే మర బిగింపు) విప్పి చూడండి. లోపలి అల్లిక తెల్లగా, పచ్చగా మారితే నీళ్లు దిగాయి. ఆ చివర కత్తిరించి కొత్తది వేసి, కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి కలపండి. ఫీడ్ మూతి మీది ప్లాస్టిక్ మూత ఊడితే లోపల కందిరీగలు మట్టిగూడు కడతాయి, అదీ చూడండి.

సి బ్యాండ్ ఉన్నట్టుండి మొత్తం పోయింది

దగ్గర్లో కొత్త 5జీ టవర్ వచ్చి ఉండొచ్చు. మన దేశంలో 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ మధ్య ఉన్న 5జీ సిగ్నల్ ఎల్ఎన్‌బిని ముంచేస్తుంది, అప్పుడు పై ఫ్రీక్వెన్సీలూ పోతాయి. ఫీడ్‌కీ ఎల్ఎన్‌బికీ మధ్య బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (కావలసిన ఫ్రీక్వెన్సీలనే లోపలికి వదిలేది) పెడితే 3.7 పైనున్నవి తిరిగి రావచ్చు. 5జీ వాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే ఉన్న ట్రాన్స్‌పాండర్లను మాత్రం ఫిల్టర్ కాపాడలేదు.

అన్నీ సరిచూసినా ఒకే బీమ్‌లోని ఛానెళ్లు రాకపోతే ఫుట్‌ప్రింట్ మ్యాప్ (ఉపగ్రహ సిగ్నల్ ఎక్కడెక్కడ పడుతుందో చూపే పటం) తీయండి. డిష్ వ్యాసం రెట్టింపు చేస్తే దక్కేది 6 డెసిబెల్స్. స్పాట్ బీమ్ (చిన్న ప్రాంతానికే గురిపెట్టిన సిగ్నల్) అంచు దాటాక లోటు అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. అదే ఛానెల్ వేరే ఉపగ్రహంలో వైడ్ బీమ్‌లో ఉందేమో వెతకండి.