ఒకే సైటు గూగుల్‌లోనూ బింగ్‌లోనూ కనిపించాలంటే ఏం చేయాలి

తెలుగులో వెబ్‌సైటు నడిపేవారిలో చాలామంది గూగుల్‌లో తమ స్థానం ఎంతో చూసుకుని అక్కడితో ఆగిపోతారు. విండోస్ కంప్యూటర్లలో ముందే ఉండే ఎడ్జ్ బ్రౌజరు వేరే ఏర్పాటు చేసుకోకపోతే మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజను బింగ్‌లోనే వెతుకుతుంది. 2009లో మైక్రోసాఫ్ట్‌తో కుదిరిన ఒప్పందం తర్వాత యాహూ ఫలితాలు బింగ్ మీద ఆధారపడ్డాయి, డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజను చూపే మామూలు లింకుల్లోనూ ఎక్కువ భాగం బింగ్ నుంచే వస్తాయి, మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు కోపైలట్ కూడా జవాబుల కోసం బింగ్ సూచికనే, అంటే అది ముందే చదివి పెట్టుకున్న పేజీల జాబితానే, వాడుకుంటుంది. మంగళగిరి చేనేత చీరలు అమ్మే ఒక సైటును ఉదాహరణగా తీసుకుందాం. విజయవాడలో ఉన్న కొనుగోలుదారు ఫోనులో గూగుల్‌లో వెతికితే, అమెరికాలో ఉన్న తెలుగువారు ఆఫీసు కంప్యూటరులో ఎడ్జ్ తెరిచి వెతకవచ్చు. ఇద్దరికీ ఆ సైటు కనబడాలి.

దీనికోసం గూగుల్‌కు ఒక పేజీ, బింగ్‌కు ఇంకొక పేజీ తయారు చేయకూడదు. ఒకే సరుకు గురించి మాటలు అటూ ఇటూ మార్చి సెర్చ్ ఇంజన్ల కోసమే పేజీలు పేర్చడాన్ని గూగుల్ స్పామ్‌గా పరిగణిస్తుంది. అసలు ఆ అవసరం కూడా లేదు, ఎందుకంటే ఈ పోటీదారులు ముఖ్యమైన విషయాల్లో ఎప్పుడో ఒక మాట మీదికి వచ్చారు: సైటులోని పేజీల చిరునామాలను జాబితాగా ఇచ్చే సైట్‌మ్యాప్ పద్ధతిని 2006లో, ఒకే సమాచారం పలు చిరునామాల్లో ఉన్నప్పుడు అసలుది ఏదో చెప్పే కెనానికల్ ట్యాగ్‌ను 2009లో, ధర, లభ్యత, సమీక్షల వంటి వివరాలను యంత్రాలకు అర్థమయ్యేలా రాసే స్కీమా పదజాలాన్ని 2011లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలిసి ఆమోదించాయి. కాబట్టి శ్రమలో అధికభాగాన్ని ఉమ్మడి పునాది మీద పెట్టి, ఇవి విడిపోయే కొద్ది చోట్ల మాత్రమే విడిగా శ్రద్ధ పెట్టడం మంచిది.

మొదట సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే పరికరంలో సైటు మీదేనని నిరూపించుకోండి. ఆ తర్వాత బింగ్ ఇచ్చే అలాంటి పరికరమైన వెబ్‌మాస్టర్ టూల్స్‌లోకి వెళ్తే, సెర్చ్ కన్సోల్ నుంచి సైటును నేరుగా దిగుమతి చేసుకునే వీలుంటుంది, మళ్లీ నిరూపించుకోవాల్సిన పని ఉండదు. సైట్‌మ్యాప్ రెండుచోట్లా నమోదై ఉందో లేదో చూసుకోండి. ఒక ఫైలులో 50,000 చిరునామాలకు, 50 ఎంబీకి మించకూడదు. అందులో ప్రతి పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో తెలిపే తేదీ నిజమైనదై ఉండాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు రోజూ అన్ని పేజీలకూ ఆ రోజు తేదీనే వేస్తుంటాయి, అలా చేస్తే ఆ తేదీకి విలువ పోతుంది. ప్రాధాన్యం, మార్పుల తరచుదనం అనే గడులను గూగుల్ పట్టించుకోదు, వాటి మీద సమయం వృథా చేయనక్కర్లేదు.

సెర్చ్ ఇంజన్ల తరఫున పేజీలు చదివే ప్రోగ్రాములకు, అంటే బాట్లకు, ఎక్కడికి రావచ్చో రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలు దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి. నక్షత్రం గుర్తు కింద రాసిన నియమాలు అందరికీ వర్తిస్తాయని అనుకుంటాం గాని, ఏదైనా బాట్ పేరుతో ప్రత్యేకంగా ఒక విభాగం రాస్తే ఆ బాట్ ఆ విభాగాన్ని మాత్రమే చదివి నక్షత్రం విభాగాన్ని వదిలేస్తుంది. మన చీరల సైటులో కార్టు పేజీలను, వెతుకులాట ఫలితాల పేజీలను నక్షత్రం కింద నిషేధించి ఉన్నామనుకోండి. బింగ్‌బాట్ సర్వరు మీద భారం వేస్తోందని, దాని పేరు కింద రెండు అభ్యర్థనల మధ్య విరామం పాటించమని ఒక్క పంక్తి చేర్చామనుకోండి. మరుక్షణం నుంచి బింగ్‌బాట్‌కు కార్టు పేజీలు కూడా తెరిచినట్టే, ఎందుకంటే దాని విభాగంలో నిషేధాలేవీ లేవు. విరామం పంక్తితోపాటు ఆ నిషేధాలన్నీ అక్కడ మళ్లీ రాయాలి. ఆ విరామం పంక్తిని బింగ్ గౌరవిస్తుంది, గూగుల్ అసలు లెక్కచేయదు. ఇంకొక మాట: ఫలితాల్లో కనబడకూడదని నోఇండెక్స్ అనే ఆదేశం పెట్టిన పేజీని రోబోట్స్ ఫైలులో అడ్డుకోకండి, లోపలికి రానివ్వని బాట్ ఆ ఆదేశాన్ని చదవలేదు.

కొత్త పేజీని తెలియజేసే పద్ధతిలో రెండింటికీ స్పష్టమైన తేడా ఉంది. మైక్రోసాఫ్ట్, రష్యా సెర్చ్ ఇంజను యాండెక్స్ కలిసి 2021 అక్టోబరులో ఇండెక్స్‌నౌ అనే పద్ధతిని ప్రవేశపెట్టాయి. తాళంచెవిలా పనిచేసే ఒక అక్షరాల వరుసను ఎంచుకుని, అదే పేరుతో ఒక టెక్స్ట్ ఫైలును సైటు మొదటి ఫోల్డరులో (రూట్‌లో) ఉంచి, పేజీ చేరినా, మారినా, తొలగించినా ఆ చిరునామాను పంపితే చాలు. ఒక ఇంజనుకు పంపినది ఈ పద్ధతిలో చేరిన మిగతా వాటికీ అందుతుంది. వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఈ పని చేసే ప్లగిన్లున్నాయి. చీరలు అమ్ముడైపోయి పేజీ తీసేసినప్పుడు కూడా తెలియజేయడం మరవకండి. గూగుల్ ఈ పద్ధతిలో చేరలేదు, పైగా సైట్‌మ్యాప్ మారిందని పిలిచి చెప్పే పాత మార్గాన్ని కూడా 2023లో నిలిపివేసింది. అక్కడ నమ్మదగిన సైట్‌మ్యాప్, హోంపేజీ నుంచి కొత్త పేజీకి ఒక లింకు, అత్యవసరమైన ఒకటి రెండు పేజీలకు సెర్చ్ కన్సోల్‌లో విజ్ఞప్తి, ఇవే దారులు.

ఇక తెలుగు వ్రాత విషయం. నా దృష్టిలో మన సైట్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, సరిదిద్దుకుంటే రెండు ఇంజన్లలోనూ ఒకేసారి లాభం కలిగేదీ ఇక్కడే. ధర, నేత వివరాలు, అంచు పేరు అన్నీ పోస్టరు బొమ్మలో అందంగా రాసి పేజీలో అక్షరం ముక్క లేకుండా వదిలేస్తే, వెతికేవారికి ఆ చీర ఉన్నా లేనట్టే. యూనికోడుకు ముందు కాలపు ఫాంట్లలో రాసిన పాత పేజీలు ఉంటే వాటిని యూనికోడులోకి మార్చండి. ఆ ఫాంట్లు తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి వేరే అక్షరాలు.

కూర్పులోని తేడాలను కూడా గమనించాలి. ‘ఆన్‌లైన్’ అనే మాటను మధ్యలో కనిపించని విడదీత అక్షరంతో రాసేవారున్నారు, ఖాళీ వదిలి ‘ఆన్ లైన్’ అనేవారున్నారు, ఒత్తు కలిపి ‘ఆన్లైన్’ అనేవారూ ఉన్నారు. కంప్యూటరుకు ఇవి మూడు వేర్వేరు వరుసలు. మీ ముఖ్యమైన మాటలను ఈ రూపాలన్నింటిలో రెండు ఇంజన్లలోనూ వెతికి చూడండి, ఫలితాలు మారుతుంటే జనం ఎక్కువగా టైపు చేసే రూపాన్ని శీర్షికలో వాడండి. అన్ని రూపాలనూ ఒకేచోట కుక్కితే చదివేవారికి చిరాకు కలుగుతుంది, ఇంజన్లకు అనుమానం వస్తుంది. పేజీ చిరునామాలో తెలుగు అక్షరాలు రెండింటిలోనూ పనిచేస్తాయి గాని, ఒక్కో అక్షర సంకేతం శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాలుగా విస్తరిస్తుంది. ‘మంగళగిరి’ అనే ఒక్క మాట (సున్నా, గుడులతో కలిపి ఎనిమిది సంకేతాలు) కాపీ చేసినప్పుడు 72 అక్షరాలవుతుంది. వాట్సాప్‌లో పంచుకునే లింకులకు పొట్టి రోమన్ చిరునామాయే మేలని నా అభిప్రాయం.

శీర్షికల్లో గూగుల్ అర్థాన్ని ఎక్కువగా ఊహించుకుంటుంది, బింగ్‌కు మాత్రం మాట సూటిగా కనబడితే మేలు చేస్తుందని నా అనుభవం. అందుకే ‘మా కొత్త కలెక్షన్’ అని పెట్టే బదులు ‘మంగళగిరి నూలు చీర, నిజాం అంచు’ అని పెట్టండి. బొమ్మ వివరణలో కూడా అదే స్పష్టత ఉండాలి. పేజీలోని ముఖ్యపదాల జాబితా రాసే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను ర్యాంకింగులో వాడబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది, దాన్ని నింపే పని ఇక మానేయవచ్చు.

తెలుగు పేజీకి ఇంగ్లీషు పేజీ జతగా ఉంటే, వేరే భాషలోని జత పేజీ ఎక్కడుందో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగులు రెండు పేజీల్లోనూ పరస్పరం చూపుకునేలా ఉండాలి, ఒకవైపే రాస్తే గూగుల్ లెక్కలోకి తీసుకోదు. బింగ్ వాటికంటే పేజీ భాషను తెలిపే కంటెంట్ లాంగ్వేజ్ ట్యాగ్‌కు ప్రాముఖ్యమిస్తుంది. రెండూ పెడితే ఏ చిక్కూ రాదు. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవారిని చేరడానికి కూడా ఆ ఇంగ్లీషు పేజీ బాగా పనికొస్తుంది.

ధర, వివరణ వంటివి బ్రౌజరులో జావాస్క్రిప్ట్ కోడ్ నడిచాక మాత్రమే కనిపించే ఏర్పాటు ఉంటే మార్చండి. 2019 నుంచి రెండు బాట్లూ తాజా బ్రౌజరు ఇంజన్లతోనే పేజీలను చదువుతున్నా, సర్వరు నుంచి నేరుగా వచ్చే వ్రాతే త్వరగా, నమ్మకంగా సూచికలోకి ఎక్కుతుంది. గూగుల్ ఇప్పుడు మొబైలు రూపాన్నే ప్రమాణంగా తీసుకుంటుంది కాబట్టి ఫోనులో చూపే పేజీలోంచి తీసేసిన సమాచారం లేనట్టే అనుకోండి. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది దాని కొలమానం. చీరల సైటులో దీన్ని చెడగొట్టేది దాదాపు ఎప్పుడూ కెమెరా నుంచి తీసి కుదించకుండా ఎక్కించిన ఫోటోలే.

రష్యాలోనో చైనాలోనో కొనుగోలుదారులు లేనప్పుడు యాండెక్స్, బైదూల కోసం విడిగా శ్రమించనక్కర్లేదు. ఇండెక్స్‌నౌ ద్వారా యాండెక్స్‌కు సమాచారం ఎలాగూ అందుతుంది.

మార్పులను ఒక్కొక్కటిగా చేసి, చేసిన తేదీని రాసుకోండి. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. నెలకొకసారి సెర్చ్ కన్సోల్‌, వెబ్‌మాస్టర్ టూల్స్ రెండింటిలోని వెతుకులాట మాటల పట్టికలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక మాటకు గూగుల్‌లో కనిపిస్తూ బింగ్‌లో కనిపించకపోతే ముందుగా ఆ పేజీ బింగ్ సూచికలో ఉందో లేదో అక్కడి చిరునామా తనిఖీలో చూడండి. సూచికలోనే లేకపోతే రోబోట్స్ ఫైలునూ లింకులనూ సరిచూడాలి, ఉండి కూడా వెనకబడితే శీర్షికనూ పేజీలోని మాటలనూ సరిదిద్దాలి.