షిఫ్టు మనుషుల ఆపద నిధి ఎలా నడపాలి

జీడిమెట్ల, పాశమైలారం లాంటి పారిశ్రామికవాడల్లో నైట్ షిఫ్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు పరిగెత్తుకొచ్చేది పక్క మెషీన్ మీద ఉన్నవాళ్లే. ఆ సాయానికి ముందే కొంత డబ్బు, కొన్ని వివరాలు సిద్ధంగా ఉంచుకోవాలి.

ఒకే షిఫ్టు, ఒకే లైన్‌లోని 12 నుంచి 15 మందితో నిధి మొదలుపెట్టండి. అంతకు మించితే ముఖపరిచయం పలచబడి వసూళ్లు తప్పుతాయి. మనిషికి రూ.200 చొప్పున 15 మందికి నెలకు రూ.3,000. జీతం పడిన మర్నాడే తీసుకోండి. వారం ఆగితే అది కిరాణా బాకీకి పోతుంది. సూపర్‌వైజర్‌నీ, కాంట్రాక్టర్ మనిషినీ కలపొద్దు. సెలవులు, ఓటీ (ఓవర్‌టైమ్) వాళ్ల చేతిలో ఉంటే లెక్క అడగడానికి ఎవరికీ నోరు రాదు.

డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. ప్రతి జమా, ఖర్చు అదే రోజు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చేబదుళ్లు మాత్రం వద్దే వద్దు, నిధిని ముంచేవి అవే. ఆసుపత్రికి, చావుకి మాత్రమే ఇవ్వండి. ఒక్కసారికి ఎంతవరకో, మానేసి వెళ్లేవాళ్లకు ఎంత తిరిగివ్వాలో మొదటి పేజీలోనే రాసుకోండి.

అదే పుస్తకంలో ప్రతి ఒక్కరి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) నంబరు, బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ ఉండాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లకు సొంతూరి నంబరు తప్పనిసరి. ఈఎస్ఐలో కుటుంబసభ్యుల పేర్లు ఎక్కాయో లేదో, పీఎఫ్ నామినేషన్ (మనిషి పోతే ఆ డబ్బు ఎవరికి చెందాలో రాసివ్వడం) ఉందో లేదో అడగండి. అంత్యక్రియలకు ఈఎస్ఐ రూ.15,000 వరకు ఇస్తుంది గానీ, అది దరఖాస్తు పెట్టాక వచ్చే డబ్బు. అంబులెన్సు ఖర్చు అప్పటికప్పుడే కావాలి, అందుకని కనీసం రూ.5,000 ఎప్పుడూ కదపకండి.