షట్టర్ రిపేరుకైనా, కొత్త షట్టర్‌కైనా సరైన ఎస్టిమేట్ రాయించుకోవడం ఎలా?

షట్టర్ మొరాయించిందనగానే మనవాళ్లు చేసే మొదటి పని, తెలిసిన మేస్త్రికి ఫోన్ కొట్టి "ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) ఎంతండీ?" అని అడగడం. శ్రీకాకుళంలోనూ అంతే, విజయనగరంలోనూ అంతే. ఒకాయన ఒక రేటు చెబుతాడు, ఇంకొకాయన దానికి పది రూపాయలు తగ్గిస్తాడు. ఆ పది రూపాయలకి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేస్తారు. పని అయ్యాక బిల్లు చూసి "ఏటి బాబూ, ఇంతయిందేటి?" అంటారు. మేస్త్రి మోసం చేసింది ఏమీ ఉండదు చాలాసార్లు. అడగాల్సింది మీరు అడగలేదు, అంతే.

కారు షెడ్డుకైనా దుకాణం గదికైనా మన వైపు ఎక్కువగా కనిపించేది రోలింగ్ షట్టరే కాబట్టి దాని గురించే చెబుతాను.

ముందు రిపేరా, కొత్తదా తేల్చుకోండి

ఇది మేస్త్రి రాకముందే మీరు చూసుకోవాలి. షట్టర్ ఎత్తడం బరువైతే స్ప్రింగులు నీరసించాయని అర్థం, షట్టర్ పోయిందని కాదు. ఒక పక్కకి లాగుతూ ఇరుక్కుంటుంటే షట్టర్‌ని అల్లిన ఇనప పట్టీల చివర ఉండే క్లిప్పులు ఊడి పట్టీలు జరిగాయి, లేదా అవి జారే పక్క గాడి, అంటే గైడు ఛానల్, వంగింది. కారు తగిలి సొట్టపడితే ఆ నాలుగైదు పట్టీలే పక్కనుంచి లాగేసి కొత్తవి ఎక్కించవచ్చు. కింద అంచు తుప్పు పట్టిందా? బాటమ్ ప్లేటూ, దాని పైనున్న ఒకటి రెండు పట్టీలూ మారిస్తే సరిపోతుంది. ఇలాంటివాటికి కూడా "మొత్తం మార్చేయండి సార్" అనే మేస్త్రిని టీ ఇచ్చి పంపేయండి.

కొత్తది వేయాల్సిందే అనేది ఎప్పుడంటే, తుప్పు మోకాలి ఎత్తు దాటి పైకి పాకినప్పుడు, పట్టీకి పట్టీ తగులుకునే మడత తినేసినప్పుడు, పైన షట్టర్ చుట్టుకునే పైపే వంగిపోయినప్పుడు. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి ఆ మడతే ముందు పోతుంది. అక్కడ మామూలు ఇనప పట్టీ వద్దు, జింకు పూత ఉన్న జీఐ పట్టీయే వేయించాలి. పెయింట్ బాగా వేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. మడత లోపలికి బ్రష్ వెళ్లదు.

ఒక్క జాగ్రత్త. స్ప్రింగు బిగువు మీద ఉంటుంది. బిగువు వదలకుండా పైన బ్రాకెట్ బోల్టు విప్పితే పైపు గిర్రున తిరిగి చెయ్యి విరుగుతుంది. చూడటం వరకే మీ పని.

కావలసినవి: ఇనప టేపు, కాగితం, పెన్ను, స్టూలు, రేకు మందం కొలిచే ఒక స్క్రూ గేజ్.

కొలత: అందరూ దెబ్బతినేది ఇక్కడే

గోడకీ గోడకీ మధ్య ఉన్న ఖాళీ వెడల్పు కొలవండి. కింద, మధ్యలో, పైన మూడు చోట్లా కొలవాలి, ఎందుకంటే మన గోడలు తిన్నగా ఉండవు. ఎత్తు రెండు పక్కలా చూడండి, గచ్చు వాలు ఉంటే తేడా వస్తుంది. లింటల్ కింద నుంచి స్లాబు దాకా ఎంత చోటుందో కూడా రాసుకోండి, ఎత్తినప్పుడు షట్టర్ చుట్ట కూర్చునేది అక్కడే. అంగుళాల్లో రాయండి. "పదడుగుల చిల్లర" అని రాసుకుంటే ఆ చిల్లరలోనే డబ్బు పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు కొలిచిన ఖాళీ, మేస్త్రి బిల్లు వేసే షట్టర్ సైజు ఒకటి కాదు. పట్టీలు రెండు పక్కలా గైడు ఛానల్ లోపలికి వెళ్లాలి, పైన పైపుకి చుట్టుకోవడానికి అదనపు పట్టీలు ఉండాలి. ఆ ఇనుము నిజంగానే వాడతారు కాబట్టి దానికి డబ్బు అడగడంలో తప్పులేదు. తప్పెక్కడంటే, ఒకాయన ఖాళీ కొలత మీద రేటు చెబుతాడు, ఇంకొకాయన చుట్టతో కలిపి చెబుతాడు, మీరేమో ఆ రెండు రేట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

లెక్క వేసి చూపిస్తాను. మీ షెడ్డు ఖాళీ 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. అంటే 80 చదరపు అడుగులు. పక్కలకి మూడేసి అంగుళాలు, పైన చుట్టకి అడుగున్నర కలిపితే 10.5 ఇంటూ 9.5, అంటే 99.75 చదరపు అడుగులు. మొదటాయన ఖాళీ మీద 300 అన్నాడనుకోండి, 24,000 అవుతుంది. రెండో ఆయన చుట్టతో కలిపి 250 అన్నాడు, 24,937 దాటుతుంది. ఈ 250, 300 అంకెలు లెక్క కోసం అనుకున్నవే, బజారు రేటు కాదు. చూశారా, చదరపు అడుగుకి యాభై రూపాయలు తక్కువ చెప్పినాయన దగ్గరే మీకు ఎక్కువ పడింది.

అందుకని ఫోన్లో రేటు అడగొద్దు. మీ కొలతల కాగితం చేతికిచ్చి, "ఈ ఖాళీకి షట్టర్ బిగించి తాళం నా చేతిలో పెట్టడానికి మొత్తం ఎంత?" అని అడగండి. ఎన్ని అడుగులు లెక్కేశారో కూడా ఆ కాగితం మీదే రాయమనండి. రాయనన్నవాడితో పని లేదు. వాట్సాప్‌లో ఫొటో చూసి చెప్పే ఎస్టిమేట్ అసలు ఎస్టిమేటే కాదు, మనిషి వచ్చి తన టేపుతో కొలవాలి. ఆ కొలత మీ కొలతకి ఒకటి రెండు అంగుళాలకి మించి తేడా వస్తే అక్కడే నిలబెట్టి ఇద్దరూ కలిసి మళ్లీ కొలవండి. మొహమాటపడొద్దు.

కొలత తర్వాత గేజ్, అంటే రేకు మందం చెప్పే నంబరు. నంబరు పెరిగేకొద్దీ రేకు పలచనవుతుందని చాలామందికి తెలియదు, 22 అంటే 18 కంటే గట్టిదనుకుంటారు. 18 గేజ్ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 అంటే 0.9, 22 అంటే 0.7. అంటే 18కి బదులు 22 వేస్తే మీకొచ్చే ఇనుము సుమారు 40 శాతం తక్కువ. రేటు తగ్గిందంటే ముందు దీన్నే అనుమానించండి. ఎస్టిమేట్‌లో గేజ్ అని కాకుండా "ఇన్ని మిల్లీమీటర్లు" అని రాయించండి, గేజ్ నంబర్ల దగ్గర వాదన పెట్టుకోవచ్చు గానీ మిల్లీమీటరు దగ్గర ఏ వాదనా నిలవదు. సరుకు దిగినప్పుడు పట్టీ కోసిన అంచు దగ్గర పెయింట్ గీకి స్క్రూ గేజ్‌తో చూడండి. కింద పట్టీ ఒక్కటే చూసి ఊరుకోకండి, పైన చుట్టలోకి పోయే పట్టీలూ చూడండి. కింద మందంగా పెట్టి పైన పలచనివి కలిపేవాళ్లూ ఉన్నారు.

ఇంటి షెడ్డుకి 20 గేజ్, రోడ్డు మీద దుకాణానికి 18. 22 వేయించుకోవడం కన్నా టార్పాలిన్ కట్టుకోవడం మేలు.

రేటులో ఏమేం కలిశాయి

ఛానల్, పైపు, బ్రాకెట్లు, స్ప్రింగులు, బాటమ్ ప్లేట్, తాళం పట్టీలు, పైన కవరు, రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా ముందు వేసే ఎర్ర రంగు), రవాణా, బిగింపు కూలి. ఒక్కోదాని పక్కన, రేటులో ఉందో లేదో రాయించండి. గోడ కొడితే మళ్లీ సిమెంటు పూత ఎవరిదో అడగండి, ఎవరూ ముందు చెప్పరు. జీఎస్టీ 18 శాతం కలిపా, విడిగానా? 24,000 మీద అదే 4,320. విశాఖ నుంచి సరుకు తెప్పించే వాళ్లయితే బండి కిరాయి విడిగా వేస్తారు. రాజాం, పాలకొండ దాకా వెళ్లేసరికి అది చిన్న మొత్తం కాదు, అందుకే దగ్గర్లోని పనివాడికే నా ఓటు. రేపు స్ప్రింగు తెగితే వచ్చేది అతనే.

మోటార్ పెట్టమంటారు. వంద చదరపు అడుగుల లోపు షట్టర్‌కి మోటార్ దండగ, మంచి స్ప్రింగులుంటే ఇంట్లో ఆడవాళ్లూ ఒక చేత్తో ఎత్తుతారు. పెట్టుకుంటానంటే కరెంటు లేనప్పుడు చేత్తో లాగే గొలుసు ఉన్నదే తీసుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లు లేదో అక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

స్ప్రింగు రిపేరుకైతే ఎస్టిమేట్‌లో ఎన్ని మారుస్తున్నారో రాయించి, ఉన్నవన్నీ ఒకేసారి మార్పించండి. తెగినది ఒక్కటే మారిస్తే మిగతా ముసలివి వరసగా తెగుతాయి, ప్రతిసారీ కూలి మళ్లీ కొత్తగానే పడుతుంది. తీసిన పాతవి అడిగి మీ దగ్గర పెట్టుకోండి.

ఎప్పుడు పిలవాలి

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక రాగానే పిలిస్తే ఎంత చెబితే అంత ఇవ్వాలి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు విజయనగరంలో పనివాడే దొరకడు. సంక్రాంతి దాటాక, వేసవి ముదరకముందు పిలవండి. ముగ్గురి చేత రాయించండి. ఇద్దరైతే ఎవరు ఎక్కువో తెలుస్తుంది గానీ ఎవరు సబబో తెలియదు.

డబ్బు ఇచ్చే ముందు

అడ్వాన్సు సగానికి మించొద్దు. బిగించాక షట్టర్‌ని సగం ఎత్తులో వదిలి చూడండి. అక్కడే నిలబడితే స్ప్రింగు సరిగ్గా కట్టినట్టు. జారి కింద పడినా, దానంతట అది పైకి పరిగెత్తినా మళ్లీ కట్టాల్సిందే, మిగతా డబ్బు ఆ తర్వాతే. "వాడగా వాడగా సర్దుకుంటుందండీ" అంటారు. సర్దుకోదు. వెళ్లేముందు గైడులో గ్రీజు పూస్తానంటే వద్దనండి, రోడ్డు దుమ్మంతా దానికి అంటుకుని ముద్దవుతుంది. కొవ్వొత్తి రుద్దితే చాలు.

పాత షట్టర్ మేస్త్రి బండి ఎక్కించేసుకుంటాడు, ఎవరూ అడగరు గనక. పైపు, బ్రాకెట్లు బాగుంటే కొత్తదానికే వాడించి ఆ మేరకు ఎస్టిమేట్‌లో తగ్గించమనండి. మిగతా ఇనుము మీ ఎదురుగా కాటా వేయించి, పాత ఇనుము కొట్లో ఆ రోజు కిలో ఎంతో కనుక్కుని, ఆ మొత్తం బిల్లులో కోయించండి.