పెట్రోలు, హైబ్రిడ్, ఈవీ: ఏ కారు మొత్తం మీద ఎంత కర్బనం వదులుతుందో లెక్కేయడం ఎలా?

సైలెన్సర్ లేదు కాబట్టి కరెంటు కారుతో (ఈవీ) కాలుష్యమే లేదనుకోవడం సరికాదు. తయారీ, ఇంధనం, తుక్కు అన్నీ కలిపితేనే అసలు లెక్క. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

1. ఒకే సైజు కార్లు తీసుకోండి. అన్నింటికీ ఒకే దూరం, 1,50,000 కి.మీ. వేసుకోండి. చిన్న ఈవీని పెద్ద డీజిల్ బండితో పోలిస్తే లెక్క దారి తప్పుతుంది.

2. కారు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 5 టన్నులు రాయండి. ఈవీ అయితే 30 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) కరెంటు పట్టే బ్యాటరీకి ఇంకో 2.5 టన్నులు కలపండి. తుక్కు వాటా చిన్నదే.

3. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ముడిచమురు తవ్వడం, శుద్ధి, ట్యాంకర్లు కలిపితే దాదాపు 2.8. దాన్ని మీ బండి నిజంగా ఇచ్చే మైలేజీతో భాగించండి, కంపెనీ చెప్పిన దాంతో కాదు. లీటరుకు 16 ఇస్తే కి.మీ.కు 175 గ్రాములు. 24 ఇచ్చే హైబ్రిడ్‌కు (పెట్రోలు ఇంజన్‌కు తోడు కరెంటు మోటారూ ఉండే కారు) 117.

4. కరెంటు లెక్క కాస్త జాగ్రత్తగా చూడాలి. మన దేశంలో గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు 0.7 కిలోలకు పైనే పడుతుంది. లైన్ల నష్టం కలిపి ఇంటి మీటరు దగ్గర 0.85 వేసుకోండి. యూనిట్‌కు 7 కి.మీ. నడిస్తే 121 గ్రాములు. నాగార్జునసాగర్ పక్కనే ఉన్నాం, మాది నీటి కరెంటే అనుకోకండి. దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రంలో బొగ్గుతో తీసిన కరెంటూ, జూరాల నీటి కరెంటూ చేరేది ఒకే గ్రిడ్‌లోకి. ఇంటిమీద సోలార్ పెట్టి పగలు చార్జింగ్ చేస్తే మాత్రం కి.మీ.కు 7 గ్రాములే.

5. ఇప్పుడు కి.మీ. అంకెను 1,50,000తో గుణించి, తయారీ లెక్కను కూడండి. పెట్రోలు 31 టన్నులు, గ్రిడ్ ఈవీ 26, హైబ్రిడ్ 23, సోలార్ ఈవీ 9. గ్రిడ్ ఈవీ కన్నా హైబ్రిడ్‌కే తక్కువ వచ్చింది, నిజమే. కానీ లీటరు పెట్రోలు ఎప్పుడు కాల్చినా అంతే పొగ. గ్రిడ్‌లో సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఈవీ అంకె దిగుతుంది. వాహన కాలుష్యంపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐసీసీటీ 2021 అధ్యయనం కూడా మన దేశంలో మధ్యతరహా ఈవీ పెట్రోలు కారు కన్నా 19 నుంచి 34 శాతం తక్కువ వదులుతుందని తేల్చింది. ఐరోపాలో ఆ తేడా 66 నుంచి 69 శాతం.

6. చివరగా మీ తిరుగుడు చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఇదే. ఏడాదికి 5,000 కి.మీ. తిరిగేవాళ్లు పాత పెట్రోలు కారునే బాగా చూసుకోవడం మేలు. కొత్త ఈవీ తయారీలో వెలువడిన 7.5 టన్నులు గ్రిడ్ కరెంటు మీద తీరాలంటే దాదాపు 28 ఏళ్లు పడుతుంది. సోలార్ ఉన్నా తొమ్మిదేళ్లు. కొత్త కారు ఎలాగూ కొనాల్సిందే అయితే, పెట్రోలు కారు కన్నా ఈవీకి ఎక్కువైన ఆ బ్యాటరీ భారం 46,000 కి.మీ.లో తీరుతుంది. నల్లగొండ నుంచి రోజూ హైదరాబాద్ వెళ్లొచ్చే ట్యాక్సీకి ఏడాది కూడా పట్టదు. ఈవీలు ముందుగా అందాల్సింది వాళ్లకే.