మూడేళ్ల పాపకి మలబద్ధకం: మా ఇంట్లో పనిచేసింది ఇదీ

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. మా పాపకి మూడేళ్లు. మోషన్ మూడు నాలుగు రోజులకోసారి, రాయిలా గట్టిగా. వచ్చినప్పుడల్లా సోఫా వెనక్కి వెళ్లి కాళ్లు బిగబట్టి నిలబడి ఒకటే ఏడుపు. వాము నీళ్లు, సోంపు నీళ్లు, అరటిపండ్లు, బొడ్డు చుట్టూ ఆముదం, అన్నీ అయ్యాయి, లాభం లేదు.

ముందు పాలు తగ్గించాం. సీసాలకు సీసాలు తాగితే ఇక అన్నానికి చోటెక్కడ? రోజు మొత్తానికి 400 మిల్లీలీటర్లకి తెచ్చి, రాత్రి సీసా పూర్తిగా మానిపించాం (కొన్ని రాత్రులు ఇల్లు పీకి పందిరేసింది, అది వేరే సంగతి). పాలు తగ్గాక ఆకలి వచ్చింది, అప్పుడే తోటకూర పప్పు, బీరకాయ కూర, జామపండు లోపలికి వెళ్లాయి.

తర్వాత నల్ల ఎండుద్రాక్ష. రాత్రి ఏడెనిమిది కడిగి అరగ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే చేత్తో మెత్తగా పిసికి, తొక్కలు తీయకుండా ఆ నీళ్లతో సహా చెంచాతో పట్టాం. రోజంతా నీళ్లు కూడా పెంచాలి, ఉత్త పీచు పెంచితే ఇంకా గట్టిపడొచ్చు.

ఆఖరిది, టిఫిన్ తిన్న వెంటనే ఓ ఐదు నిమిషాలు టాయిలెట్ మీద కూర్చోబెట్టడం, మోకాళ్లు పైకి లేచేలా పాదాల కింద పీట వేసి. తిన్నాక పేగుల్లో కదలిక వస్తుంది కాబట్టి ఆ టైమే మంచిది. రాకపోతే లేపేయండి, తిట్టొద్దు.

ఇందులో అసలు పనిచేసింది ఏదో గట్టిగా చెప్పలేను, నా అనుమానం పాల మీదే. మీ పిల్లలకి ఇదే కుదురుతుందనీ అనను. మోషన్‌లో రక్తం, వాంతులు, పొట్ట ఉబ్బరం ఉంటే మాత్రం ఇవేవీ పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.