వ్యాయామానికి చిన్న మ్యూజిక్ ప్లేయర్: పాఠం 3 – కార్డు చదవకపోతే, పాటల వరుస తప్పితే

పాఠం 2 చదివి క్లిప్ ప్లేయర్ (బట్టలకు తగిలించుకునే చిన్న మ్యూజిక్ ప్లేయర్) కొన్నవాళ్లలో ఎక్కువమంది ఒక్క దగ్గరే ఆగిపోయారు. ప్లేయర్ ఆన్ అవుతుంది, లైటు వెలుగుతుంది, పాట మాత్రం రాదు. కాబట్టి ఈసారి చెప్పాల్సిన బటన్ల సంగతి కాస్త వెనక్కి జరిపి, ముందు దీని సంగతి చూద్దాం.

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల మొబైల్ షాపుల్లో దొరికే చవక క్లిప్ ప్లేయర్లలో చాలావాటికి లోపల మెమరీ ఉండదు. అందులో మైక్రో ఎస్‌డీ కార్డు మనమే పెట్టాలి. అందుకే కొనేముందు "అన్నా, మెమరీ లోపలే ఉందా, కార్డు పెట్టాల్నా?" అని అడగండి. కార్డు పెట్టినా పాట రాలేదంటే, చాలావరకు అది 64 జీబీదో అంతకంటే పెద్దదో అయివుంటుంది. కార్డు మీద ఫైళ్లను సర్దే పద్ధతులు వేర్వేరుగా ఉంటాయి: 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి, 64 నుంచి ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. చాలా చవక ప్లేయర్లకు ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. కార్డు పాడైందనుకుని పారేయకండి, దాన్ని ఫోన్లో వేసుకుని ప్లేయర్‌కు 32 జీబీది తీసుకోండి. 128 కేబీపీఎస్ (పాట నాణ్యతను చెప్పే అంకె) ఎంపీ3 నిమిషానికి ఒక ఎంబీ కూడా పట్టదు. ఐదు నిమిషాల పాట ఐదు ఎంబీలోపే అయిపోతుంది. 32 జీబీలో ఆరు వేల పాటలు పడతాయి. పొద్దుగాల భద్రకాళి బండ్ మీద గంట నడిచేటోళ్లకు 8 జీబీ కూడా ఎక్కువే.

ఇంకో చిక్కు: పాత ఫోన్లో "ఇంటర్నల్ స్టోరేజ్"గా వాడిన కార్డును ఫోన్ తాళం వేసినట్టు మార్చేస్తుంది, అది ఇంకెక్కడా తెరుచుకోదు. అందులో కావాల్సినవి ముందు ఫోన్ నుంచే బయటికి తీసుకుని, తర్వాత కంప్యూటర్లో ఫ్యాట్32కు ఫార్మాట్ చేయండి.

ఇక పాటల వరుస. ఇది తేలికైన విషయమని వదిలేసేవాళ్లే ఎక్కువ, ఉరికేటోళ్లను అన్నింటికంటే విసిగించేది మాత్రం ఇదే. వార్మప్‌కు నెమ్మదిగా ఉండే పాట, తర్వాత జోరు పాటలు, చివర చల్లబడే పాట అని ఓపిగ్గా పేర్చుకుంటారు. ప్లేయర్ మాత్రం చల్లబడే పాటతో మొదలుపెడుతుంది. ప్లేయర్ చెడిపోలేదు. స్క్రీన్ లేని చవక ప్లేయర్లలో చాలావరకు పేరు చూడవు. కార్డు మీద ఏ ఫైలు ముందు ఎక్కితే అదే ముందు పాడతాయి. కంప్యూటర్ తెర మీద వరుస బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అది పేర్లను సర్ది చూపిస్తుంది. కార్డు లోపలి పట్టికలో వరుస వేరే ఉంటుంది. పదిహేను ఫైళ్లు ఒకేసారి లాగి వేస్తే అవి ఏ వరుసలో ఎక్కుతాయో మన చేతిలో ఉండదు. తర్వాత పేరు మార్చినా సాధారణంగా పట్టికలో చోటు మారదు. ఒక పాట తీసేసి కొత్తది వేస్తే, అది చివరికి పోకుండా ఖాళీ అయిన చోట్లో కూర్చోవచ్చు. "కొత్త పాట మధ్యలో ఎందుకొచ్చింది" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

చేయాల్సింది: కార్డు ఫార్మాట్ చేసి, పాటలను కావాల్సిన వరుసలో ఒక్కొక్కటే కాపీ చేయండి. పాటలు ఎక్కువుంటే విండోస్‌లో డ్రైవ్‌సార్ట్, లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ అనే ప్రోగ్రాంలు ఆ పట్టికను పేర్ల ప్రకారం సర్దుతాయి.

పేరు చూసే ప్లేయర్లూ ఉన్నాయి. వాటికి 1, 2, 10 అని పెడితే 1 తర్వాత 10 పాడవచ్చు, అందుకే 01, 02, 10 అని రాయాలి. మూడో రకం ప్లేయర్ పాట ఫైలు లోపలి ట్యాగులో (పాట, ఆల్బం వివరాలు రాసుండే చోటు) ట్రాక్ నంబరు చూస్తుంది. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి, తెలుగు అక్షరాలుంటే చిన్న తెరల మీద డబ్బాలు వస్తాయి.

మీరు కొనబోయేది ఏ రకమో షాపులోనే తేల్చుకోవచ్చు. ఒక పరీక్ష కార్డు తయారుచేసుకోండి. 01, 02, 03 అని మూడు పాటలు తీసుకోండి. ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాంలో మూడింటికీ ఒకే ఆల్బం పేరు పెట్టి, 02కు ట్రాక్ 1, 03కు ట్రాక్ 2, 01కు ట్రాక్ 3 ఇవ్వండి. కార్డు మీదికి మాత్రం ముందు 03, తర్వాత 01, చివర 02 ఎక్కించండి. షాపులో షఫుల్ (పాటలను కలగాపులగంగా పాడే పద్ధతి) ఆపి పెట్టండి. 03తో మొదలైతే ఎక్కిన వరుస, 01తో అయితే పేరు, 02తో అయితే ట్యాగు. మొదటి పాట వినగానే తేలిపోతుంది. పనిలో పనిగా రెండో పాట మధ్యలో ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఆగిన చోటు నుంచి పాడకుండా మొదటికి పోయేదాన్ని నేనైతే కొనను.

బటన్లు ఎట్లున్నాయో తెలియాలంటే కళ్లు మూసుకుని వేలు తడిచేసి నొక్కండి. టచ్ తెర చెమట వేలికి సరిగ్గా పలకదు. పాత ఐపాడ్ షఫుల్ దొరికితే ముచ్చటపడతారు. దాని తయారీ 2017లోనే ఆగిపోయింది, లోపలి బ్యాటరీ మార్పించడం కష్టం. వద్దు.

నీటి సంగతి. ఐపీఎక్స్4 అంటే చిందే నీటికి, ఐపీఎక్స్5 అంటే ధారకు తట్టుకుంటుందని. ఆ పరీక్షలు మామూలు నీళ్లతో చేస్తారు. చెమటలో ఉప్పుంటుంది, ఆరాక కూడా ఛార్జింగ్ పిన్నుల మీద మిగిలి వాటిని తింటుంది. ఇంటికి రాగానే తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి. వైరు ఇయర్‌ఫోన్లైతే చెమట వైరు వెంట జారి జాక్‌లోకి దిగుతుంది. వైరును జాక్ కంటే కాస్త కిందికి వంపు తీసి పైకి తిప్పితే, చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మే నెలలో బండి డిక్కీలో మాత్రం ప్లేయర్‌ను వదలకండి.

సాధన. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు తప్పక చేయాలి, మిగతావాళ్లు చేసినా మంచిదే. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్ పరుగు పురుషులకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, అంటే రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు చాలు, పైన 3 సెకన్లు మిగులుతాయి. అడాసిటీ అనే ఆడియో కత్తిరించే ప్రోగ్రాంలో నాలుగు పాటలను సరిగ్గా 1:48 దగ్గర కత్తిరించి, పై పద్ధతిలో వరుసగా ఎక్కించండి. పాట మారేసరికి రౌండు పూర్తయి ఉండాలి. పాటకూ పాటకూ మధ్య ప్లేయర్ ఆగే సమయం ఆ 3 సెకన్లలోంచే పోతుంది. ఆగడం ఎక్కువనిపిస్తే నాలుగింటినీ కలిపి ఒకే ఫైలు చేయండి. మహిళలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు: 2:40 చొప్పున రెండు పాటలు. పరీక్ష రోజు ప్లేయర్ ఉండదు కాబట్టి రెండు వారాల తర్వాత అదే వేగంతో పాట లేకుండా ఉరికి, గడియారంతో పోల్చి చూసుకోండి.

పాఠం 4లో ఇయర్‌ఫోన్లు.